దేవదాసు పంతులు పెట్టుడు బుద్ధి

మృగశిర కార్తె ప్రవేశించి వారం దాటినా మొహం చాటేసిన వాన, ఆ రాత్రి ఒక్కసారిగా దంచికొట్టి, తెల్లారేసరికి తనకేమీ తెలియనట్టు వెలిసిపోయింది. చిల్పూర్ గుట్ట కింద ఎర్రకుంటపల్లె చెల్కలన్నీ తడిసి ముద్దయ్యాయి. ఊరందరి నోటా ఒకటే మాట, అదను. చెల్క నేలకి అదను ఎంతోసేపు నిలవదు. పొద్దున ఉన్న తడి పొద్దుగూకేసరికి ఉండదు. ఆ కాస్తలో ఇత్తనం పడితే పంట, పడకపోతే దుమ్ము. అలాంటి పొద్దున ఊరంతా ఉరుకులు పరుగుల మీద ఉంటే, దేవదాసు పంతులు మాత్రం అరుగు మీద కూర్చుని అంబలి తాగుతూ ముసిముసిగా నవ్వుకుంటున్నాడు.

"ఎందుకు నవ్వుతున్నవ్ రా? కడుపుల నొప్పా?" అంది తల్లి సాలమ్మ.

"అవ్వా, ఇయ్యాల ఊర్ల ఎవ్వనికీ బుద్ధి అక్కెర లేదు. అందరి బుద్ధి నేనే ముందుగాల పెట్టి ఉంచిన."

"నీకు జర మిగుల్చుకున్నవా మరి?" అని చెంబు తీసుకుని లోపలికి పోయింది సాలమ్మ.

అది నలభై ఏడో సంవత్సరం. నైజాం ఏలుబడి. సంఘం పల్లెపల్లెకీ పాకి, దొరలకి నిద్ర కరువైన రోజులు. కంప్యూటరు అనే మాట ఈ చుట్టుపక్కల ఏ చెవిలోనూ పడలేదు. కానీ కంప్యూటరు చేత తర్వాతి కాలంలో మహా మహా పండితులు చేయించబోయే పనిని, దేవదాసు అప్పటికే ఎర్రకుంటపల్లె జనం చేత చేయించే ప్రయత్నంలో ఉన్నాడు. ఏ పని ముందు, ఏ పని వెనక, ఎవరు ఎప్పుడు కదలాలి, ఏది జరిగితే ఏది చెయ్యాలి అన్నది ముందే పేర్చి పెట్టేస్తే, ఇక ఎవరూ ఆలోచించనక్కర లేదు, పని దానంతట అదే అవుతుంది. ఇదీ ఆయన పరిశోధన.

ఈ పిచ్చి ఆయనకి కాజీపేట స్టేషన్లో అంటుకుంది. మిషన్ హాస్టల్లో లెక్కలు బాగా చదివి, అక్కడ గుమాస్తాగా చేరాడు. ఒకే పట్టా మీద ఎదురెదురుగా వచ్చే బండ్లు ఢీకొట్టుకోకుండా పోవడం చూసి ఆయనకి మతి పోయింది. సిగ్నల్ పడితే బండి కదులుతుంది. ఎందుకు పడిందని డ్రైవరు అడగడు. అడగకపోవడంలోనే ఉంది కిటుకంతా అనుకున్నాడు దేవదాసు. రాత్రింబగళ్లు కష్టపడి ఒక కొత్త టైంటేబుల్ తయారుచేసి పైఆఫీసరు ముందు పెట్టాడు. అందులో ఏ బండీ నిమిషం ఆలస్యం కాదు. ఒక్క షరతు, ఏ స్టేషన్లోనూ ఎవరూ ఎక్కకూడదు, దిగకూడదు. ఆ తర్వాత ఎక్కువ రోజులు పట్టలేదు, ఆయన ఊరికి తిరిగొచ్చి బడి పెట్టుకున్నాడు. పెట్టుడు పళ్లు, పెట్టుడు మీసాలు ఉన్నట్టే ఆయన లెక్కకి ఊళ్లో పెట్టుడు బుద్ధి అని పేరు పెట్టారు.

నవ్వుతూనే పెట్టినా, అవసరం పడేసరికి ఆయన దగ్గరికే వచ్చారు. అవసరం ఏమిటంటే అమీన్. ఠాణాలో కొత్తగా వచ్చిన పోలీసు అమీన్ ఊళ్ల మీద దౌరా తిరగడానికి బయలుదేరాడంటే దారిలో ఉన్న ఊళ్ల ఎద్దులూ బండ్లూ ఆయన సామాను కింద వెట్టికి పోవాల్సిందే. పోయిన ఎద్దులు ఎప్పుడొస్తాయో, కాళ్లతో వస్తాయో కాళ్లీడ్చుకుంటూ వస్తాయో దేవుడికెరుక. అదను నాడే అమీన్ వస్తే ఊరి గతేం కాను? సంఘం పెద్ద కనకయ్య అందుకే దేవదాసుని పిలిచి, "పంతులూ, ఉన్న అరకలు ఇన్నే. అదను ఒక్కపూట. అందరి చెల్కలు పడాలె, అమీన్‌కు మాత్రం ఒక్క ఎద్దు దొరకొద్దు. నీ లెక్కేందో చెయ్యి," అన్నాడు.

దేవదాసు చేశాడు. ఎత్తు మీది చెల్కలు ముందు ఆరతాయి గనక అవి ముందు. గుట్ట కిందిది కొమురవ్వ చెల్క, నీళ్లన్నీ దిగేది అక్కడే, తడి ఎక్కువసేపు నిలుస్తుంది గనక అది అన్నిటికంటే ఆఖరు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ కొమురవ్వ మొహం మాడిపోయింది. ఆ చెల్కని ఎప్పుడో పటేలు గుంజుకున్నాడు. మగడు పోయినా ఆమె కొంగు బిగించి కొట్లాడితే, మొన్న సంఘం దాన్ని తిరిగి ఇప్పించింది. ఈ ఏడు ఇత్తనం పడకపోతే "బీడు పెట్టింది, నాకు దఖలు చెయ్యాలె" అని పటేలు మళ్లీ ఎక్కి కూర్చుంటాడు. ఇత్తనాల జొన్నలు కుండలో పెట్టి, మూతి మట్టితో మూసి, ఎండాకాలమంతా గడ్డలు ఉడకబెట్టుకు తిన్నదే గానీ ఆ కుండ ముట్టలేదు ఆమె.

"అల్లుడా, నాది ఆఖరుకా?"

"తడి పోదు అత్తా. లెక్క చేసిన గద. పొద్దుగూకేలోపల నీ చెల్కల అరకలుంటయి. నా మాట."

"నీ మాటేనా, నీ లెక్క మాటనా?" అంది కొమురవ్వ. రెండూ ఒకటే అనుకునే రోజులవి దేవదాసుకి.

ఇక అమీన్ సంగతి. కేక వేస్తే అమీన్‌కీ వినిపిస్తుంది. డప్పు కొట్టినా అంతే. ఎర్రగుడ్డ కడితే నేరుగా చెరసాలే. అందుకని దేవదాసు వేపమండని ఎంచుకున్నాడు. అమీన్ వస్తున్నట్టు కంటబడినవాళ్లు తమ గుమ్మానికి వేపమండ కట్టాలి. పక్కింటి గుమ్మానికి మండ కనిపిస్తే తమ గుమ్మానికీ కట్టాలి. అలా చప్పుడు లేకుండా కబురు ఊరి చివరిదాకా పోతుంది. చివరింటి గట్టమ్మ మండ కట్టి, ఇంటి కప్పు మీద తెల్లచీర ఆరేస్తుంది. తెల్లచీర కనిపిస్తే చెల్కల్లో వాళ్లు ఎద్దుల్ని విప్పి గుట్ట మీదికి తోలాలి. అక్కడి లంబాడీ తండా మనిషి చత్రు వాటిని లోయలో దాస్తాడు.

"వేపమండ అంటే అమ్మవారి గుర్తు గదనే పంతులూ? ఇంట్ల ఎవరికన్న అమ్మ పోస్తే కట్టేది గదే గద?" అన్నాడు కనకయ్య.

"అమ్మవారు పోయినేడే వచ్చిపోయింది గదన్నా. మళ్ల గింత జల్ది ఎందుకొస్తది?"

"ఆమెకు నీ టైంటేబుల్ ఎవరు చూపిచ్చిండ్రు?"

దేవదాసు నవ్వేశాడు. ఇంటింటికీ వెళ్లి, ఎవరి సూత్రం వాళ్లకి చెవిలో చెప్పి, "ఎందుకని అడగొద్దు, ఇంకొకరికి చెప్పొద్దు," అని ఒట్టు పెట్టించుకున్నాడు. ఆడవాళ్లతో, "ఎద్దులు ఇండ్లకు వచ్చినంకనే మండలు విప్పుండ్రి," అన్నాడు. చత్రుని గుట్ట మీది బండ ఎక్కించి, "ఇక్కడ్నుంచి ఊరి గుమ్మాలన్ని కనపడతయి. మండలన్ని విప్పినంకనే ఎద్దుల్ని విడువు. పోలీసోళ్లు నా మెడ మీద కత్తి పెట్టి అడిగించినా, నేనే వచ్చి కాళ్లు పట్టుకున్నా విడువకు," అన్నాడు. రెండూ బంగారం లాంటి మాటలు. విడివిడిగా.

ఆ పొద్దున అంతా లెక్క ప్రకారమే మొదలైంది. ఎత్తు చెల్కల్లో అరకలు కదిలాయి. దేవదాసు చేతిలో చెర్నకోల పట్టుకుని గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూ, "అది ముగిస్తె ఇటు రావాలె, ఇది ముగిస్తె అటు పోవాలె," అని కేకలు వేస్తున్నాడు. కొమురవ్వ తన జొన్నల కుండని ఒడిలో పెట్టుకుని గుట్ట కింద తన చెల్క గట్టున కూర్చుంది. కూర్చుని ఎత్తు చెల్కల వంకే చూస్తోంది.

ఇదిలా ఉండగా ఊళ్లో చిలుకమ్మ తన చిన్నపిల్లకి నీళ్లు పొయ్యబోయి, బట్ట విప్పి, కెవ్వుమంది. వీపంతా ఎర్రగా పొక్కులు. ఆమెకి పంతులూ గుర్తులేడు, సూత్రమూ గుర్తులేదు. పిల్లకి అమ్మ పోస్తే తల్లి ఏం చేస్తుందో అదే చేసింది. పెరట్లోకి పరిగెత్తి, వేపమండ విరుచుకొచ్చి, గుమ్మానికి కట్టి, దండం పెట్టింది.

పక్కింటామె చూసింది. కట్టింది. ఎదురింటామె చూసింది. కట్టింది. అడగొద్దన్నాడు గనక ఎవరూ అడగలేదు. ఊరి చివర గట్టమ్మ పాత తెల్లచీర కప్పు మీద పరిచింది.

తెల్లచీర చూడగానే దేవదాసు మొహం వెలిగిపోయింది. ఏ నోటా మాట లేకుండా అరకలన్నీ ఒక్కసారి ఆగాయి. ఎద్దులు విడిపోయాయి. ఒకదాని వెనక ఒకటి గుట్ట ఎక్కి కనిపించకుండా పోయాయి. రైల్వే వాళ్లు ఇది చూసి ఉంటే సిగ్గుతో తలవంచుకునేవాళ్లు అనుకున్నాడు. ఆ తర్వాత అమీన్ ఎంత దూరంలో ఉన్నాడో చూద్దామని ఊళ్లోకి వచ్చాడు. అమీన్ లేడు. గుర్రం లేదు. కుక్క కూడా మొరగడం లేదు.

"గట్టమ్మా! అమీనొచ్చిండా?"

"ఆఁ, వచ్చింది. అమ్మొచ్చింది," అంది గట్టమ్మ. ఆమెకి ఒక చెవి ముందునుంచీ తక్కువే.

"అమ్మ కాదే! అమీన్, అమీన్!"

"అమ్మనా, అమీనా నాకేం ఎరుక? పక్కింటికి మండ కనపడ్డది, కట్టిన. ఎందుకని అడగొద్దని నువ్వే గద ఒట్టు పెట్టిచ్చినవ్."

దేవదాసు ఒక్కో గుమ్మం దగ్గరా ఆగి అడుగుతూ వెనక్కి నడిచాడు. పక్కింటిని చూసి కట్టామన్నారు అందరూ. మధ్యలో తన ఇల్లే వచ్చింది. ప్రతి ఆదివారం తప్పకుండా ప్రార్థనకు పోయే సాలమ్మ గుమ్మానికి అందరికంటే పెద్ద మండ వేలాడుతోంది.

"నువ్వు గూడనా అవ్వా?"

"నువ్వే గదరా కట్టమన్నవ్. ఆకే గద, ప్రభువు ఏమనుకోడు," అంది సాలమ్మ.

ఆఖరికి చిలుకమ్మ గుమ్మం దొరికింది. ఆమె కళ్లొత్తుకుంటూ, "పొల్లకు అమ్మ పోసింది పంతులూ," అంది. దేవదాసు తలెత్తి చూశాడు. పైన ఎండ కాస్తోంది. చెల్కలు ఆరుతున్నాయి. ఎద్దులన్నీ గుట్ట మీద ఉన్నాయి.

రొప్పుకుంటూ గుట్ట ఎక్కాడు. చత్రు బండ మీద మఠం వేసుకుని కూర్చుని ఉన్నాడు.

"చత్రూ, అమీన్ రాలే. అంత ఉత్తదే. ఎద్దుల్ని విడువు."

"మండలు ఉన్నయి గద పంతులూ."

"నేను చెప్తున్న గదరా!"

"నువ్వొచ్చి కాళ్లు పట్టుకున్నా విడువొద్దని నువ్వే చెప్పినవ్."

"అప్పుడు చెప్పిన. ఇప్పుడు విడువమని చెప్తున్న."

చత్రు ఆయన వంక జాలిగా చూశాడు. "మెడ మీద కత్తి పెట్టి అడిగిస్తరని గూడ చెప్పినవ్. కత్తి పట్టుకున్నోడు ఏ చెట్టు ఎనుక ఉన్నడో నాకేం తెలుసు? నువ్వు పరేషాన్ గాకు. పాణం పోయినా విడువ."

దేవదాసుకి తన సూత్రం మీద మొట్టమొదటిసారి కోపం వచ్చింది. కిందికి దిగి ఆడవాళ్ల మీద పడ్డాడు. "అక్కా, వదినే, మీ దండం పెడత, మండలు విప్పుండ్రి!"

"ఎద్దులు ఇంటికి వచ్చినంకనే విప్పమన్నవ్. వచ్చినయా?"

"మండలు విప్పితె గద ఎద్దులొచ్చేది!"

"ఎద్దులొస్తె గద మండలు విప్పేది!"

ఒకరి కోసం ఒకరు ఆగి ఇద్దరూ కదలకపోవడానికి ఇప్పటి కంప్యూటరు చదువుల్లో ఒక పెద్ద పేరు ఉంది. ఆ రోజు ఎర్రకుంటపల్లె మగవాళ్లు దానికి పెట్టిన పేరు ఇక్కడ రాయదగింది కాదు.

అంతటితో ఆగినా బాగుండేది. ఈలోగా చిలుకమ్మ ఇంటి కబురు వీధి వెంట నడిచింది. ఇందాక ఎందుకో తెలియకుండా మండ కట్టినవాళ్లకి ఇప్పుడు కారణం దొరికింది. "అమ్మొచ్చిందట! అందుకే కట్టమన్నడట పంతులు. ఆయనకు ముందే ఎరుకట!" ఇక చెప్పేదేముంది! ఇళ్లల్లో తాళింపులు ఆగిపోయాయి. పొయ్యి మీది చట్టి దించేశారు. వాకిళ్లలో పసుపునీళ్లు చల్లారు. అమ్మ ఇంట్లో ఉండగా అరక కట్టకూడదని ఒక ముసలాయన లేచి అంటే, నిజమే నిజమే అని మరో ఇద్దరు అన్నారు. అమ్మకి కట్టిన మండని నీళ్లు పోయకముందే విప్పితే కళ్లు పోతాయని ఇంకొకామె. ఇందాకటి దాకా ఎద్దులొస్తే విప్పుతామన్న వాళ్లు కూడా ఇప్పుడు ఎద్దులొచ్చినా విప్పం పొమ్మన్నారు.

కనకయ్య తల పట్టుకుని, "పంతులూ, అమీన్ వస్తె ఎద్దులే పోతుండె. నువ్వు ఊరినే ఆపినవ్ గదయ్యా," అన్నాడు.

అప్పుడు కొమురవ్వ వచ్చింది. కుండ నెత్తిన పెట్టుకుని, గుట్ట కిందినుంచి నడుచుకుంటూ వచ్చి దేవదాసు ముందు నిలబడింది. తిట్టలేదు. పిడికెడు మట్టి తెచ్చి ఆయన అరచేతిలో పెట్టింది.

"జూడు అల్లుడా. ఇంకా జరంత తడి ఉన్నది. జరంతనే."

మట్టి చేతికి చల్లగా తగిలింది. దేవదాసుకి ఏడుపొచ్చినంత పనైంది. ఆమె ఎండాకాలమంతా గడ్డలు తిన్నది ఈ పిడికెడు తడి కోసం. లెక్క ప్రకారం ఆమెని ఆఖరున పెట్టింది తను. సూత్రాలన్నీ చెప్పిన తను, అవి తప్పితే ఎలా ఆపాలో ఒక్క సూత్రమూ చెప్పలేదు. ఏదైతే అదైంది అనుకుని అంగీ విప్పి పడేసి, ధోవతి ఎగ్గట్టి, మొదటి గుమ్మం మీదికి దూకి వేపమండ పీకేశాడు.

"అయ్యో! అమ్మ మండ పీకిండే!"

ఆయన వినలేదు. రెండో గుమ్మం, మూడో గుమ్మం. చేతులు చాలకపోతే మండల్ని మొలలో దోపుకున్నాడు. మొల నిండితే మెడలో వేసుకున్నాడు. వెనకనుంచి ఆడవాళ్లు తరుముకొస్తూ, అమ్మకి కోపం రాకుండా ఆయన మీద పసుపునీళ్లు కుమ్మరిస్తున్నారు. ఒకామె కుంకుమ విసిరితే అది సరిగ్గా నుదుటి మీద పడింది. పీకిన గుమ్మానికి పీకినట్టే వెనకవాళ్లు కొత్త మండ కడుతున్నారు. ఒంటినిండా పసుపుతో, నడుం చుట్టూ వేపాకుతో, చేతిలో చెర్నకోలతో, మిషన్ హాస్టల్లో చదివిన దేవదాసు వీధి మలుపు తిరిగేసరికి ఎదురుగా గుర్రం.

గుర్రం మీద అమీన్.

ఈసారి నిజం అమీనే. వెనక తుపాకుల జవాన్లు. ఆడవాళ్ల చేతుల్లోని పసుపునీళ్ల చెంబులు ఎత్తినవి ఎత్తినట్టే ఆగాయి. ఆ అమీన్ పడుచువాడు, నున్నటి మొహం, నూనె రాసిన జుట్టు. జేబులో చిన్న అద్దం పెట్టుకుని తిరుగుతాడనీ, తుపాకీ కంటే దాన్నే ఎక్కువసార్లు బయటికి తీస్తాడనీ చుట్టుపక్కల చెప్పుకుంటారు.

"క్యా తమాషా హై యే? ఎద్దులేవి? బండ్లేవి? పటేలు కబురు చెయ్యలేదా?"

కొమురవ్వే కుండ దించి ముందుకొచ్చింది.

"బాంచెన్ దొరా, కాల్మొక్త. అమ్మొచ్చింది."

"ఎవరి అమ్మ?"

"అందరి అమ్మ దొరా."

అమీన్‌కి అర్థం కాలేదు. ఆమె చెయ్యెత్తి గుమ్మాలు చూపించింది. మొదటి గుమ్మానికి వేపమండ. దాని పక్క గుమ్మానికి వేపమండ. కనుచూపు మేర, వీధికి ఈ పక్కా ఆ పక్కా, ఒక్కటీ తప్పకుండా వేపమండలు. వెనకనున్న జవాను తుపాకీ కిందికి దించి, "మాతా హై సాబ్, మాతా! ఊరు మొత్తం..." అన్నాడు. అమీన్ చెయ్యి దానంతట అది వెళ్లి చెంప తడుముకుంది.

"మరి వీడెవడు?" అన్నాడు దేవదాసుని చూపించి.

"పోతరాజు దొరా. అమ్మ తమ్ముడు. పూనకం మీద ఉన్నడు, జర దూరం జరుగుండ్రి," అంది కొమురవ్వ. అంటూనే దేవదాసు నడుం దగ్గర గట్టిగా గిల్లి, పళ్ల మధ్యనుంచి, "ఎగురు అల్లుడా, ఎగురు!" అంది.

దేవదాసు ఎగిరాడు. భయంతో ఎగిరాడో గిల్లినందుకు ఎగిరాడో గానీ, మొత్తానికి చాలా ఎత్తు ఎగిరాడు. చెర్నకోల ఝళిపించాడు. ఇక పలకాలి. పోతరాజు ఏమంటాడో ఆయనకి తెలియదు. హాస్టల్లో నేర్పిన కీర్తనలు ఇక్కడ పనికిరావు. పుస్తకం లేకుండా నోటికి వచ్చింది ఈ లోకంలో ఇంకొకటే ఉంది.

"వస్తున్నా!" అని అరిచాడు దేవదాసు. "కాజీపేటల కదిలిన! పెండ్యాల దాటిన! నష్కల్ దాటిన! ఘన్‌పూర్ల నీళ్లు తాగిన!"

జవాన్లు ఒక అడుగు వెనక్కి వేశారు. ఆడవాళ్లు భక్తితో చేతులు జోడించారు. వాళ్లలో సగం మందికి నిజంగానే ఒళ్లు జలదరించింది.

"రఘునాథపల్లి దాటిన! జనగామ దాటిన! నీ ఎన్కనే వస్తున్నా! నీ ఠాణా ముంగట దిగుత! ఒక్క నిమిషం లేటు గాను!"

"అమ్మకు పెట్టిన చల్ల తాగిపోతరా దొరా?" అని కొమురవ్వ పక్కనామె చేతిలోని చెంబు అందుకుని ముందుకు చాచింది. ఆ చెంబు చూడగానే అమీన్ గుర్రాన్ని వెనక్కి తిప్పబోయాడు. వెనక దారి నిండా పసుపునీళ్లూ, దండాలు పెట్టే జనమూ. ఇక గుట్ట దారి ఒక్కటే ఖాళీ. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని ఆ దారినే గుర్రాన్ని ఉరికించాడు. నెల రోజులదాకా ఈ ఊరి మొహం చూసిన జవానుకి నౌకరీ ఉండదని పరుగులోనే హుకుం జారీ చేశాడు.

దేవదాసుకి పూనకం ఒక్కసారిగా దిగిపోయింది. "అయ్యో, గుట్ట దారి! ఎద్దులు అక్కడనే ఉన్నయి గదా!" అంటూ కూలబడ్డాడు. సాలమ్మ కొడుకు నెత్తి మీద చెయ్యి వేసి, ప్రభువుని ఒకసారీ, ఎందుకైనా మంచిదని అమ్మవారిని ఒకసారీ తలుచుకుంది.

గుట్ట మీద ఏం జరిగిందో చత్రు తర్వాత ఎన్నోసార్లు చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ గుర్రం ఇంకాస్త పెద్దదయ్యేది. జరిగింది మాత్రం ఇంతే. బండ మీద కూర్చున్న చత్రు కింద గుర్రం కనపడగానే ప్రాణం అరచేత పెట్టుకుని నిలబడ్డాడు. పాణం పోయినా ఎద్దుల్ని ఇయ్యొద్దనే నిలబడ్డాడు. అమీన్ ఆగలేదు. ఎద్దుల వంక చూడను కూడా చూడలేదు. పోతూ పోతూ రుమాలు తీసి, "అరే, ఆ ఊర్లకు పోకు! ఇంటింటికి మాతా ఉన్నది! ఆ ఊరిది గడ్డిపోచ గూడ ముట్టకు!" అని మంచి మాట చెప్పి మాయమయ్యాడు.

చత్రు లోయలోకి చూశాడు. గడ్డిపోచ ఏం ఖర్మ, ఆ ఊరి ఎద్దులన్నీ అక్కడే ఉన్నాయి. తండాలో చిన్నపిల్లలున్నారు. పోలీసులకి భయపడని చత్రు అమ్మకి భయపడ్డాడు. "పంతులు సూత్రం గంగల గలవ!" అని, కట్టె తీసుకుని ఎద్దులన్నిటినీ ఒక్క అదిలింపుతో కిందికి తోలేశాడు.

దిగిన ఎద్దులకి మొదట తగిలింది గుట్ట కింది చెల్క. కొమురవ్వది. దేవదాసు లెక్కలో ఆఖరున ఉన్న చెల్కలోకి ఊరి ఎద్దులన్నీ ఒకేసారి వచ్చి నిలబడ్డాయి. దూరాన దుమ్ము కనపడగానే కొమురవ్వ కుండ ఎత్తుకుని పరుగు తీసింది. ఆ వయసులో ఆ పరుగేమిటో! ఆమె వెనక మగవాళ్లు కాడీ గొర్రూ భుజాన వేసుకుని ఉరికారు. అమ్మ ఉండగా అరక కట్టకూడదన్న ముసలాయన కూడా, "గిది ఊరి బయట గద, ఏం గాదు," అని తన ఎద్దుల్ని తానే కట్టాడు. ఎవరు ముందో ఎవరు వెనకో ఎవరూ చెప్పలేదు. చెప్పబోయిన దేవదాసుని పక్కకి నెట్టి చేతిలో ఇత్తనాలు పోశారు. పొద్దు గుట్ట వెనక్కి దిగేసరికి ఆ చెల్కలో ఇత్తనం వెయ్యని సాలు ఒక్కటీ మిగల్లేదు. కొమురవ్వ ఖాళీ కుండని బోర్లించి గట్టున పెట్టి, దాని పక్కన కూలబడి, ముక్కు చీదుతూ నవ్వింది.

"మాట నిలబెట్టుకున్నవ్ అల్లుడా. లెక్క ఎటు పోతె ఏంది."

నెల రోజులు ఊరి వైపు పోలీసు నీడ పడలేదు. మిగిలిన చెల్కలూ తర్వాతి వానకి తీరిగ్గా పడ్డాయి. పోలీసు రాలేదు గానీ అమీన్ రాసిన రిపోర్టు అందుకుని, సర్కారు టీకాల మనిషి మాత్రం సూదుల పెట్టెతో దిగాడు. ఊరు ఊరంతటినీ వరసగా నిలబెట్టి గీరాడు. అమ్మ తమ్ముడు గనక జాగ్రత్తగా ఉండాలని దేవదాసుకి రెండు జబ్బలకీ గీరాడు. జ్వరంతో అరుగు మీద మూలుగుతూ కూర్చున్నాడు దేవదాసు. తప్పుగా పడ్డ సిగ్నల్‌ని ఎత్తడానికి కూడా ఒక సూత్రం పెట్టాలని ఆలోచిస్తున్నాడు. అంతలో కనకయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు.

"టీకాలాయన చిలుకమ్మ పొల్లను చూసిండు పంతులూ."

"ఏమన్నడు?"

"చెమటకాయలట."

దేవదాసు రెండు జబ్బలూ తడుముకున్నాడు. కనకయ్య చుట్ట వెలిగించుకుని, ఒక దమ్ము లాగి, తీరిగ్గా పొగ వదిలాడు.

"నీ పెట్టుడు బుద్ధిల అందరికన్న మంచిగ పనిచేసింది అమ్మవారే పంతులూ. పాపం, ఆమె రానే రాలే."